తట్ట ఎవరు పెడతారు

ఉష కట్టిన లెక్కలో తప్పెక్కడుందో పట్టగలిగినవాడు ఒక్కడే. ఆ లెక్కే అతన్ని బయటికి నెట్టింది. ఈ సంగతి ఆమెకు అర్థమయ్యేసరికి నెల్లూరు కోటమిట్టలో అఫ్జల్ ఇంటి ముందు వచ్చిపోయేవాళ్ల చెప్పులు పలచబడ్డాయి, వసారాలో పరిచిన జంపఖానాలు మడతపెట్టేస్తున్నారు.

మొదటి నుంచి చెబితే తప్ప ఇది తెలిసే కథ కాదు.

ఉష చినతిప్పపాళెం పిల్ల. కృష్ణపట్నం రేవుకు కాస్త ఎగువన, ఇసుక మీదే పుట్టి ఇసుక మీదే పెరిగిన పల్లె అది. తండ్రి ముత్యాలయ్య వేటకు పోతాడు, తల్లి చెంచమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. అఫ్జల్ కోటమిట్టలో పరుపులు కుట్టే దరియావలి కొడుకు. ఇద్దరూ వెంకటాచలం దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో ఒకే క్లాసు. కాలేజీ వాళ్లకు ఏం నేర్పిందో తెలియదు కానీ, ఇద్దరూ కలిసి ‘అలమాట’ అనే యాప్ మాత్రం రాశారు. వేటకు పోయేవాడు ఫోను తెరిస్తే రేపు అల ఎంత ఎత్తున లేస్తుందో, గాలి ఎటు మళ్లుతుందో అది తెలుగులో పైకి చదివి చెబుతుంది. అక్షరం రానివాడికి కూడా పనికొస్తుంది. రాసిన కోడ్ అంతా అందరికీ కనబడేలా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. చేతనైనవాడు ఎవడైనా వచ్చి ఒక చెయ్యి వేయొచ్చు, జీతం మాత్రం అడగకూడదు.

వచ్చారు. నలుగురు చేరితే మంచితోపాటు తగువూ చేరుతుంది, అదీ వచ్చింది. రేవు కంపెనీలో కంప్యూటర్ల పని చేసే ముఖేష్ అనే కుర్రాడు ఒక బొమ్మ రంగు మార్చి ఊరంతా చాటేవాడు. సంగంలో టీచరు ఎలిశబెతు రాత్రింబవళ్లు యాప్ ఉచ్చారణ దిద్దుతున్నా ఆవిడ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెరిపినట్టుంది యవ్వారం. పైగా ఒకరు రాసింది యాప్‌లోకి పోవాలంటే ఇంకొకరు చూసి సరేననాలి. అలా సరేననే హక్కును వాళ్లు ‘తాళం’ అనేవాళ్లు. ఆ తాళం ఎవరి చేతిలో ఉండాలో తేలక, ఒకరోజు తెలిసీ తెలియని చేతిలో పడి, యాప్ అడుగుల్ని మీటర్లని చదివేసింది. ఆరడుగుల అలను ఆరు మీటర్లంటే ఎవడు పోతాడు వేటకు? ఆ పూట తీరం పొడుగునా పడవలు ఒడ్డునే ఉండిపోయాయి.

“ఎవరికి ఎంత పేరు రావాలో, తాళం ఎవరి దగ్గరుండాలో తేల్చే లెక్క ఒకటి కట్టాల,” అంది ఉష. “మనుషుల్ని చూసి కాదు. పనిని చూసి.”

నిజం చెప్పొద్దూ, డబ్బు పుచ్చుకోని మనిషికి పేరైనా రావాలనుకోవడం తప్పేం కాదు. ఉత్త పుణ్యానికి పనిచేయమనేవాళ్లు ముందు తాము చేసి చూపించాలి.

ఉషకు లెక్క కోసం ఎక్కడికో పోవాల్సిన పని లేకపోయింది. వాళ్ల ఒడ్డున పెద్దవల లాగితే చేపను పాలు వేస్తారు. పడవకో పాలు, వలకో పాలు, తాడు పట్టిన ప్రతి చేతికీ ఒక పాలు, చిరిగిన వల కుట్టినవాడికీ ఒక పాలు. నోరున్నవాడికి ఎక్కువ, లేనివాడికి తక్కువ అనేది లేదు. ఉష దాన్నే యాప్‌కు తెచ్చింది. కోడ్ రాస్తే పాలు, పక్కవాడు రాసింది చూసి దిద్దితే పాలు, ఉచ్చారణ సరిచేస్తే పాలు. పాళ్లు బాగా కూడినవాళ్లు ‘పడవ’ మీద, వాళ్ల చేతిలో తాళం. తర్వాతివాళ్లు ‘తాడు’ దగ్గర. మిగిలినవాళ్లు ‘ఒడ్డున’. పని చేయకుండా ఊరుకుంటే పాళ్లు వారం వారం కొంచెం కొంచెం తరుగుతాయి. ఎప్పుడో ఒకసారి చేసి జీవితమంతా పడవ మీద కూర్చునేవాళ్లు ఉండకూడదు కదా. నిన్న లాగిన తాడుకు ఈ రోజు చేప రాదు.

ఇదంతా చినతిప్పపాళెం ఒడ్డున, బోర్లించిన పడవ నీడలో కూర్చుని అఫ్జల్‌కు చెప్పింది. అతను సాంతం విన్నాడు. అఫ్జల్ వినే తీరే వేరు. ఎదుటివాళ్ల మాట అయిపోయినా ఇంకా మిగిలిందేమో అని కాసేపు చూస్తాడు.

“పడుకున్నోడి సంగతేంది?” అన్నాడు చివరికి.

“ఏ పడుకున్నోడు?”

“జొరమొచ్చినోడు. కాలిరిగినోడు. తాడు పట్టలేనోడు. వాడి పాలు కూడా తరిగిపోతుందా?”

ఉష నవ్వింది. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు. “దానికీ మా ఒడ్డున దారుండాది. తట్ట.”

తనకు ఊహ తెలిసీ తెలియని రోజుల్లో తండ్రి పడవ మీంచి జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. అన్నాళ్లూ వాళ్లింటి తాటాకు తట్ట, అంచుకు నీలం దారం చుట్టింది, పెద్దవల వచ్చిన ప్రతిసారీ ఇసుక మీద వరుసలో ఉండేది. పాలు వేసేవాళ్లు ఇది ఎవరిది, ఎందుకుంది అని అడగరు. చేప వేసి ముందుకు పోతారు. మంచాన పడ్డవాడు లేచిన రోజు తానే వచ్చి తన తట్ట తీసుకుపోతాడు. ఊరికి అదే కబురు, వీడు కోలుకున్నాడని. ఇసుక మీద ఆ నీలం దారం తట్టను చూసిన గుర్తు ఉషకు ఇంకా చెదరలేదు.

“కాబట్టి పేరు పక్కన తట్ట బొమ్మ ఒకటి పెడతా. చేతకానోళ్లు దాన్ని నొక్కితే పాళ్లు తరగవు. కారణం ఎవరూ అడగరు.”

“మీ ఒడ్డున తట్ట ఎవరు పెడతారు?” అన్నాడు అఫ్జల్.

“ఇంకెవరు, ఇంట్లోవాళ్లే. మా అమ్మ పెట్టింది గదా. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఊరెట్టా పెడతాది?”

“అడగాల్నా,” అన్నాడతను. ఇంకేదో అనబోయి, టీ గ్లాసులో మిగిలిన చుక్క ఇసుకలో పారబోశాడు. ఆ అనబోయిన మాట ఏమిటో ఉష అడగలేదు. తన లెక్క మీద తనకు అంత ముచ్చటగా ఉంది ఆ సాయంత్రం.

లెక్క పారింది. ఆ మాట ఒప్పుకోవాలి. ఎలిశబెతు టీచరు చేసిన పనంతా మొదటిసారి కంటికి కనబడి, ఆవిడ పడవ ఎక్కి తాళం పుచ్చుకుంది. ముఖేష్ మొదట్లో “ఇదేందక్కా, మీ పల్లె పెద్దకాపులు దురాయని కట్టుబాటు వేసినట్టు వేసినావు, ఎదురు చెప్పేదానికే లేదు,” అని సణిగినా, రంగులు మానేసి నిజం పని పట్టాడు. బెంగళూరు నుంచి ఎవరో పిలిచి, మీ పాళ్ల పద్ధతి మా వాళ్లకూ చెప్పమన్నారు. ఉష పోయి చెప్పి వచ్చింది. చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత అఫ్జల్ తగ్గాడు.

మొదట వారానికోసారి వచ్చేవాడు. తర్వాత అదీ లేదు. పాళ్లు తరగడం మొదలైంది. లెక్కకు కళ్లు లేవు, ఉండకూడదనే ఉష వాటిని పెట్టలేదు. ఇంకొంచెం తరిగితే తాళం పోతుందనగా ముఖేషే ఫోన్ చేశాడు.

“అక్కా, అఫ్జలన్నది ఆపుదాం. ఆయన లేకపోతే ఇదంతా యాడిది?”

“నా స్నేహితుడని ఆపితే, రేపు నీకెందుకు ఆపలేదని నువ్వే అడుగుతావు.”

“నేనడగను.”

“ఇంకొకరు అడుగుతారు. పని ఉంటే తట్ట నొక్కమను. ఒక్క నొక్కు. అది కూడా చేయలేనోడి కోసం నేను లెక్క వంచాల్నా?”

న్యాయం నెత్తికెక్కితే దిగడం కష్టం. అందులోనూ దాన్ని మనమే కన్నామనుకున్నప్పుడు ఇంకా కష్టం. అయినా మనసు ఊరుకోక ఆమె అఫ్జల్‌కు ఫోన్ చేసింది.

“ఎట్టుండావు?”

“బాగుండా.” గొంతు కాస్త నీరసంగా ఉంది. వెనక ఏదో మిషన్ ఉండుండి కూత పెడుతోంది. అంగట్లో కొత్త మిషన్ కొన్నారేమో అనుకుంది ఉష.

“పని చేయడంలేదే.”

“పెళ్లిళ్ల సీజను. పరుపులు మీద పడుండాయి. నాయనకు చెయ్యి కావాల.”

“అయితే తట్ట పెట్టు. ఎవరొద్దన్నారు?”

మిషన్ కూసి ఆగింది.

“అలిగినావా అఫ్జల్? ముఖేష్‌కు నీకంటే ఎక్కువ పాళ్లు వచ్చినాయనా?”

“లేదు మే. అలిగేదానికి ఏముంది,” అని నవ్వాడు. ఆ నవ్వుకు ఉషకు ఒళ్లు మండింది. ఇంతకాలం కలిసి పనిచేసినవాడు తన లెక్కనే చులకన చేస్తున్నాడనిపించి, సరేలే అని పెట్టేసింది.

తర్వాతి సోమవారం లెక్క తన పని తాను చేసింది. అఫ్జల్ ఫోన్‌కు కబురు పోయింది. ‘మీ తాళం తీసుకున్నాం. మీరిప్పుడు ఒడ్డున ఉన్నారు. ఓపిక చేసుకుని మళ్లీ తాడు పట్టండి.’ ఆ మాటలు ఉషే రాసింది, ఎప్పుడో సరదాగా ఉన్న పూట. జవాబుగా అతను రెండు ముక్కలు పంపాడు. ‘సరే ఉషా. లెక్క బాగుంది. ఎవరికీ వంగలేదు.’

అది ఎత్తిపొడుపో మెచ్చుకోలో తేల్చుకోలేక ఆమె ఆ రోజంతా చిరాకు పడింది. నిజానికి అది మెచ్చుకోలే. అఫ్జల్‌కు ఎత్తిపొడవడం రాదని ఆమెకు తెలిసి ఉండాల్సింది.

ఎండలు ముదరకముందే ఒక ఉదయం తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

“అక్కా, నేను ఇర్ఫానాను. అఫ్జల్ చెల్లెల్ని. అన్న పోయినాడు.”

ఉష బస్సెక్కి నెల్లూరు చేరేసరికి ఖననం అయిపోయింది. అతని ముఖం చివరిసారి ఎప్పుడు చూసిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించి, గుర్తు రాక, ఆ వసారాలో నిలబడే ఏడ్చింది. ఒక మూల సగం కుట్టిన పరుపు ఉంది, దూది బయటికి కనబడుతూ. దరియావలి ఆమెను చూసి, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఇర్ఫానా పక్కన కూర్చుని చెప్పింది.

రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. ఆసుపత్రిలో మిషన్‌కు పెట్టి రక్తం శుభ్రం చేసేవాళ్లు. సూదులున్న చెయ్యి కదపకూడదు, రెండో చేత్తో టైపు కొట్టే ఓపిక ఉండేది కాదు.

“మిషన్,” అంది ఉష. ఆ కూత ఇప్పుడు అర్థమైంది ఆమెకు.

“ఆ మిషన్ పక్కన పడుకొనే ఫోన్లు మాట్లాడేవాడు అక్కా. మీ యాప్ తెలియనోళ్లు చేసేవాళ్లు గదా, పల్లెల నుంచి. ‘పెద్దాయనా, ఆ పచ్చబొమ్మ నొక్కు, ఇప్పుడు చెవికాడ పెట్టుకో, ఏం చెప్తుంది?’ అని అడిగేవాడు. నర్సమ్మ కోప్పడినా మానలేదు. మొన్న మొన్నటి దాకా.”

ఫోన్లో మాట్లాడినదానికి ఉష లెక్కలో పాలు లేదు. సాయానికి ఫోన్ చేయమని యాప్‌లో ఉన్న నంబర్ అఫ్జల్ పెట్టిందే. అది ఎవరు ఎత్తుతున్నారో అని ఆమె ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

“నాకెందుకు చెప్పలేదు ఇర్ఫానా?”

“చెప్తామంటే ఒట్టు వేయించుకున్నాడు. ‘ఉషకు తెలిస్తే నా కోసం లెక్క వంచుద్ది. అప్పుడు నలుగురూ ఆమెనంటారు. అంత కష్టపడి కట్టింది,’ అన్నాడు.” ఇర్ఫానా చున్నీతో ముఖం తుడుచుకుంది. “అదేదో తట్ట బొమ్మంట. అది తెరిచి చూస్తా ఉండేవాడు. నొక్కన్నా, ఏం పోతుంది అంటే, ‘అడుక్కున్నట్టుంటాది, అందరికీ కనబడతాది గదా’ అని మూసేసేవాడు. ఎన్నిసార్లో.”

ముంతాజ్ బేగం, ఆ ఇంటి తల్లి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి, టీ గ్లాసు తెచ్చి ఉష చేతిలో పెట్టింది. “నీ పేరు ఎప్పుడూ చెప్పేవాడమ్మా,” అంది. “ఉష లెక్కంటే నిక్కచ్చి అనేవాడు.” ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే బాగుండేది. ఉష ఆ టీ తాగలేకపోయింది, పారబోయనూ లేకపోయింది. చల్లారిన గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

ఇంటికి చేరేసరికి చెంచమ్మ వాకిట్లో ఎండిన నెత్తళ్లు తిరగేస్తోంది. కూతురి ముఖం చూసి పని ఆపింది. ఉష ఆ ఇసుకలోనే కూలబడి అంతా చెప్పింది, పాళ్లు, తాళం, ఆసుపత్రి, నొక్కని తట్ట. చెంచమ్మకు యాప్ గొడవ సగమే అర్థమైంది. తట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

“ఉండు మే. ఆ అబ్బయ్యనే తట్ట పెట్టుకోమన్నావా?”

“ఆ. మన ఒడ్డున మాదిరే.”

“మన ఒడ్డున ఎవరు పెట్టుకున్నారు అట్టా?”

“నువ్వే గదమ్మా. నాయన నడుం పడినప్పుడు. నీలం దారం తట్ట. నేను చూసినా.”

చెంచమ్మ చేతికంటిన పొట్టు దులుపుకుని కూతురి పక్కన కూర్చుంది.

“తట్టను చూసినావు. పెట్టినోళ్లను చూడలేదు నువ్వు,” అంది. “నేను పెట్టినానా? నా తల తీసి అక్కడ పెట్టినట్టుండేది. మీ నాయన అయితే ఉరేసుకునేవాడు. పక్కింటి పోలేరమ్మ వచ్చి, పెరట్లో బోర్లించిన తట్ట తీసుకొని పోయింది. నన్ను అడగలేదు. నేను చూసి కూడా చూడనట్టు పొయ్యి ఊదుకుంటా కూర్చున్నా. పొద్దుగూకినాక చేపల తట్ట తెచ్చి గడపలో పెట్టి మాట్లాడకుండా పోయింది. నాయన లేచిందాకా అంతే. ఆయమ్మకు జబ్బు చేసినప్పుడు నేను పోయి వాళ్ల తట్ట తెచ్చినా.” నెత్తళ్ల మీద వాలిన ఈగల్ని తోలింది. “ఎవరి తట్ట వాళ్లు పెట్టుకుంటే దాన్ని అడుక్కోవడమంటారు మే. అందుకే గదా ఎవరిదని పాలు వేసేవోళ్లు అడగరు.”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఉషకు పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. తీరం మొత్తానికీ తెలిసిన పద్ధతి. తను ఆ పద్ధతి చేప తిని పెరిగింది. బెంగళూరు దాకా పోయి చప్పట్లు కొట్టించుకుని వచ్చింది. తట్ట ఎవరు పెడతారని అఫ్జల్ ఆ రోజే అడిగాడు. చేపముక్క తప్ప సముద్రం ఎరగని కోటమిట్ట పిల్లాడు అడిగాడు, ఆ తట్ట తిండి తిన్న పిల్ల తప్పు చెప్పింది. పోలేరమ్మ తన పక్కింటావిడను అడిగిందా? పెరట్లోకి పోయి తట్ట తెచ్చింది. తను ఫోన్ చేసి, మిషన్ కూత విని కూడా, ‘నువ్వే పెట్టుకో’ అంది. ఒక్క బస్సు దూరంలో ఉండి అంది.

“అమ్మా, పోయినోళ్లకు తట్ట పెడతారా?”

చెంచమ్మ నెత్తళ్ల మీదికి వంగింది. “పోయినోళ్లకు పెట్టరమ్మా. లేచి వచ్చి తీసుకునేవాళ్లకే.”

ఉష లెక్క మార్చింది. ఇప్పుడు ఎవరి తట్టను వాళ్లు పెట్టుకోలేరు. తట్ట పెట్టే బొమ్మ సొంత పేరు పక్కన కనబడదు, పక్కవాళ్ల పేర్ల దగ్గరే కనబడుతుంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తీయగలిగేది మాత్రం ఎవరి తట్ట అయితే వాళ్లొక్కరే. ఫోన్లు ఎత్తి మాట్లాడేవాళ్లకూ పాలు పెట్టింది. ఒడ్డున ఉన్నారనే ఆ కబురును మొత్తంగా చెరిపేసింది. ఎలిశబెతు టీచరు, ముఖేష్ చూసి, మారు మాట లేకుండా సరేనన్నారు.

అన్నీ అయ్యాక ఆమె అఫ్జల్ పేరు తెరిచింది. పాళ్లు అడుగంటి ఉన్నాయి, ఇంకో వారం పోతే సున్నా. పక్కన తట్ట బొమ్మ. తల్లి చెప్పిన మాట చెవుల్లోనే ఉంది. బతికున్నవాడి కోసం గింజంత కూడా వంగని మనిషి, పోయినవాడి కోసం కట్టుబాటు తప్పుతున్నానని తెలిసే నొక్కింది.

పాళ్లు అక్కడికి ఆగిపోయాయి.

వానలు పడి, ఎండాకాలం ఆపిన వేట మళ్లీ మొదలైన రోజుల్లో, అందరూ ఫోన్లో కలిసి మాట్లాడుకునే పూట ముఖేష్ మొహమాటంగా అడిగాడు. “అక్కా, అఫ్జలన్న పేరు కాడ తట్ట అట్నే ఉండిపోయింది. కొత్తగా వచ్చినోళ్లు ఎవరీయన, ఎప్పుడొస్తాడని అడగతా ఉండారు. తీసేద్దామా?”

“దాన్ని మనం తీసేదానికి లేదు ముఖేష్,” అంది ఉష. “ఆయనే వచ్చి తీసుకోవాల.”

ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎలిశబెతు టీచరు, ఈ వారం ఫోన్లు ఎవరు ఎత్తుతారని అడిగింది. నేను ఎత్తుతానని ఉష చెప్పింది.